చెరిపేసిన కళ్లజోడు

అయినా ఆ నాలుగు స్వరాలూ విన్నదెవరని. నాలుగంటే నాలుగే, వేళ్ల మీద లెక్కపెట్టేలోపు అయిపోయాయి. హాల్లో మూడు వందల మంది ఉన్నారు. వాళ్లలో వయోలా వేరు, వయొలిన్ వేరు అని తెలిసినవాళ్లు ముప్ఫై మంది ఉంటే గొప్ప. మూడో భాగం నెమ్మదిగా సాగేది కదా, ఆ ముప్ఫై మందిలో సగం మందికి అప్పటికే కునుకు పట్టి ఉంటుంది. ఇక మిగిలిన పదిహేను మందీ... ఇక్కడిదాకా వచ్చేసరికి బస్సు కుదుపుతో ఆగింది. దిగేవాళ్లెవరో ఆమె వీపుకున్న పెట్టెను మోచేత్తో పొడిచి, సారీ అని ఆ పెట్టెకే చెప్పి దిగిపోయారు. ఆలోచన తెగింది. తెగినచోటే మళ్లీ ముడిపడింది. ఎవరూ వినలేదు. వినకపోవడం వల్లే కదా ఇంత చిక్కు వచ్చిపడింది.

ఆమెకు ఇరవై ఆరేళ్లు. నలుగురు కలిసి వాయించే ఒక క్వార్టెట్‌లో వయోలా వాయిస్తుంది. చేరి పది నెలలైంది. ఏడాది చూసి, కుదిరితే ఉంచుకుంటామన్నది ఒప్పందం. రెండు వయొలిన్‌లు, ఒక వయోలా, నేలకు ఆనించి వాయించే పెద్ద వాద్యం చెల్లో ఒకటి. వయొలిన్‌లు పైకప్పు, చెల్లో నేల, మధ్యలో గోడలు నిలబెట్టే పని వయోలాది. ఇంటికొచ్చినవాళ్లు గోడకున్న బొమ్మల్ని చూస్తారు గానీ గోడను చూడరు. ఈ సంగతి ఆమెకు వయోలా పట్టకముందే తెలుసు. ముగ్గురాడపిల్లల్లో నడిపిది ఆమె. ఇంట్లో పెద్దదాన్ని తిట్టేవాళ్లు, చిన్నదాన్ని ఎత్తుకునేవాళ్లు, నడిపిదాన్ని లెక్కపెట్టేవాళ్లు. ముగ్గురూ ఉన్నారా అంటే ఉన్నారు, అంతే.

అక్కతో పాటు ఆమె కూడా ముందు వయొలిన్‌కే వెళ్లింది. పదకొండో ఏట, స్కూలు బృందంలో వయోలా వాయించేవాళ్లు లేరని, టీచరు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చేతులు చాపమన్నారు. జాకెట్టుకు కొలతలు తీసినట్టు టేపు పెట్టి కొలిచి, నీ చేతులు పొడుగు, ఇది నీది అని ఈమె చేతిలో పెట్టారు. వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కాస్త బరువు. వయొలిన్ తీగ మీద కమాను ఆనితే చాలు పలుకుతుంది. వయోలా ఒక క్షణం ఆలోచించుకుని పలుకుతుంది. అక్క దాన్ని ఒకసారి వాయించి చూసి, అచ్చం నీలాగే ఉందే, పిలిస్తే ఓ పట్టాన పలకదు అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి ఆ పెట్టెను మంచం పక్కనే పెట్టుకుని పడుకుంది.

తర్వాత సంగీత కళాశాలలో ఆరేళ్లు. మొదటి ఏడాది సగం దాకా మాస్టారు వేళ్లు తీగ మీద పెట్టనివ్వలేదు. ఖాళీ తీగల మీద కమాను లాగించారు. అద్దం ముందు నిలబడి, కమాను తిన్నగా పోతోందా లేదా చూసుకుంటూ, రోజుకు రెండు గంటలు. ఎడమ దవడ కింద, మెడ మీద, అణా బిళ్లంత మచ్చ పడింది. అది ఇప్పటికీ ఉంది. మాస్టారికి ఒక మాట ఊతపదంలా ఉండేది: "వయోలా కూరలో ఉప్పమ్మా. ఉన్నంతసేపూ ఎవరూ దాని ఊసెత్తరు." ఒకరోజు ఆమె నోరు తెరిచి, మరి ఎక్కువైతే మాస్టారూ అని అడిగింది. "ఎక్కువైతే వండినవాణ్ణి తిడతారు. ఉప్పును ఎవరూ తిట్టరు" అన్నారాయన. అప్పుడది మంచి హాస్యమనిపించింది. ఈ వారం రోజుల్లో ఆ మాట కనీసం పదిసార్లు గుర్తొచ్చింది, ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

కళాశాల అయ్యాక రెండేళ్లు నాటకశాలల్లో, వేదిక కిందున్న గుంటలో కూర్చుని వాయించింది. పెద్ద బృందాల్లో ఎవరికైనా జ్వరమొస్తే ఈమెకు కచేరీ దొరికేది. ఫోను మోగితే ముందు, పాపం ఎవరికి ఏమైందో అనుకుని, ఆ తర్వాత సంతోషపడేది. అలాంటి రోజుల్లో ఈ క్వార్టెట్‌లో వయోలా ఆవిడ మోకాళ్ల నొప్పులతో మానేసి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటానని వెళ్లిపోయింది. ఆ చోటు కోసం అయిదుగురు వచ్చారు. ఆ అయిదుగురిలో ఈమెకన్నా వేగంగా వాయించేవాళ్లు ఇద్దరున్నారు. చోటు ఈమెకు దక్కిందంటే, చెల్లో వాయించే పెద్దాయన అన్న మాట వల్ల. "వాళ్లు వాయించి వింటున్నారు. ఈ పిల్ల విని వాయిస్తోంది" అన్నాడాయన. ఆ మాటను ఆమె తండ్రికి ఫోనులో చెప్పింది, అమ్మకు చెప్పింది, అక్కకు రెండుసార్లు చెప్పింది.

ఆయనను ఆమె బాబాయ్ అంటుంది, ఆయన ఇంట్లోవాళ్లలాగే ఆమెను నడిపీ అంటాడు. అరవై దాటాయి. ఈ క్వార్టెట్ మొదలైన రోజు నుంచీ, అంటే ఇరవై రెండేళ్లుగా, అదే కుర్చీలో కూర్చుంటున్నాడు. మొదటి వయొలిన్ వాయించేవాడు బృందానికి నాయకుడు. వెనకాల అందరూ అతన్ని గడియారం అంటారు. పదింటికి రమ్మంటే పదికి ఒక నిమిషం ముందు తలుపు తీస్తాడు, తాళం నిక్కచ్చిగా నడిపిస్తాడు. చెడ్డవాడేమీ కాదు, కానీ అతనికి ఒక నిమిషం తేడా కూడా నీతి తప్పినట్టే. రెండో వయొలిన్ అతని భార్య. ఆవిడను అందరూ వదిన అంటారు.

ఇవాళ పదింటికి రిహార్సల్. దానికి ముందు ఒక పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుందాం అని గడియారం నిన్న అందరికీ కబురు పెట్టాడు. ఏం మాట్లాడతాడో వదిన ఆమెకు ముందే చెప్పేసింది. వదిన నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సీజన్‌తో బాబాయిని చాలిద్దామనుకుంటున్నారట. ఆ హాలు నిర్వాహకులు వచ్చే ఏడాదికి పన్నెండు కచేరీలు ఇవ్వాలా వద్దా అని చూస్తూ, చెల్లో శ్రుతి గురించి కాస్త ఆలోచించండి అని ఉత్తరం రాశారట. గడియారం దగ్గర చదువుకున్న కుర్రాడొకడు సిద్ధంగా ఉన్నాడట. "నీకూ మంచిదేలే, నీ ఈడువాళ్లు ఒకరుంటారు" అంది వదిన. అప్పుడు ఆమె తేలు కుట్టిన దొంగలా ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడింది.

ఎందుకంటే ఆ తప్పు బాబాయిది కాదు.

సంగీతం రాసే కాగితం మీద అయిదు గీతలుంటాయి, వాటి మీద చుక్కలుంటాయి. మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును బట్టి చుక్కల పేర్లు మారిపోతాయి. వీధి పేరు చూడకుండా ఇంటి నంబరు ఒక్కటే చూసి తలుపు తడితే ఏమవుతుందో, ఆ గుర్తు చూడకపోతే అదే అవుతుంది. వయోలాకు సొంతంగా ఒక గుర్తు ఉంది. ఇంకే వాద్యంవాళ్లూ రోజూ దానితో కాపురం చేయరు. కానీ వయోలా బాగా పైకి వెళ్లాల్సివచ్చినప్పుడు, ఉన్నట్టుండి వయొలిన్‌వాళ్ల గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఆ మూడో భాగంలో, పేజీ తిప్పగానే, రెండో వరస మధ్యలో ఆ గుర్తు ఉంది. దాన్ని చూడకుండా పాత గుర్తుతోనే చదివితే స్వరం ఇంచుమించు ఒక స్థాయి కిందికి జారిపోతుంది, జారి, ఉండాల్సిన మెట్టుకు పక్క మెట్టు మీద పడుతుంది. అంటే సరిగ్గా అప్పుడు చెల్లో పట్టుకుని ఉన్న దీర్ఘస్వరం పక్కన. అంటే బాబాయి ఒళ్లో.

పదినెలలుగా ఆమె అక్కడ తప్పలేదు. ఆ సాయంత్రం ఎందుకు తప్పిందో ఆమెకు తెలుసు, అదే ఇంకా నమిలేస్తోంది. పేజీ తిప్పుతూ, ఇవాళ బాగా వాయిస్తున్నాను అనుకుంది. హాల్లో ముందు కూర్చున్న ఒకావిడ తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. గోడను ఎవరో చూస్తున్నారు. ఆ ఒక్క క్షణం, జీవితంలో మొదటిసారి, మిగతా ముగ్గురినీ వినడం మానేసి తనను తాను విన్నది. కన్ను మాత్రం అలవాటు చొప్పున చదువుకుంటూ పోయింది.

నాలుగు స్వరాలు. నాలుగోదాని దగ్గర తెలిసింది, అయిదో స్వరానికి పైకి ఎగిరి తన చోటికి చేరుకుంది. కానీ ఈలోగా పక్కన కూర్చున్న బాబాయికి తన స్వరం పక్కన ఇంకో స్వరం ఒరుసుకుంటూ వినపడింది. అంత దగ్గరగా, తన స్థాయిలోనే. వేరేవాళ్లయితే ఎవరో తప్పు వాయిస్తున్నారు అనుకుంటారు. ఆయన, నేనే తప్పాను కాబోలు అనుకున్నాడు. వేలు అర అంగుళం జరిపాడు. ఆ క్షణంలోనే ఆమె పైకి వెళ్లిపోయింది. జరిపిన వేలితో ఆయన ఒక్కడే మిగిలాడు, అందరికీ వినపడేట్టు, ఒక పూర్తి తాళావర్తం పొడుగునా.

రికార్డింగ్‌లో వినిపించేది అదే. గడియారం దాన్ని మూడుసార్లు వేసి వినిపించాడు. ముందున్న ఒరుపు కూడా చెల్లోదే అనిపిస్తుంది, తెలియనివాళ్లకు.

కచేరీ అయ్యాక లోపలి గదిలో, అటువైపు ఏమైంది అని గడియారం అడిగాడు. అటువైపంటే వయోలా, చెల్లో కూర్చునే వైపు. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి వెళ్లింది. వయోలా వాయించేవాళ్లు రోజులో వందసార్లు ఆ భుజాన్ని తడుముకుంటారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. నాదే, చెవి మోసం చేసింది అన్నాడు బాబాయి. అప్పుడే ఆమె చెప్పి ఉంటే సరిపోయేది. కమానుకున్న మర సడలిస్తూ, ఈయన తమలపాకుల పెట్టె మూసినంత నెమ్మదిగా చెల్లో పెట్టె మూస్తున్నాడే అని చూస్తూ ఉండిపోయింది. ఒక నిమిషం గడిచింది. నిమిషంలో చెప్పని మాట గంట గడిచేసరికి బరువెక్కింది, మర్నాటికి రాయి అయింది. కక్కలేక మింగలేక ఇదిగో, తొమ్మిదో రోజు.

బస్సు పెద్దాసుపత్రి స్టాపులో ఆగింది. ఇక్కడికే సోమవారం బాబాయితో వచ్చింది. చెవి పరీక్ష చేయించుకుంటాను, నువ్వూ రా, డాక్టరు చెప్పేది నాకు వినపడకపోతే నువ్వు విని చెప్పు అని పిలిచాడు. అద్దాల గదిలో చెవులకు పెద్ద పెద్ద డిప్పలు పెట్టుకుని, చేతిలో ఒక మీట పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. అద్దం ఇవతల నుంచి ఆమె ఆ బొటనవేలినే చూసింది. ఒక్కోసారి నొక్కబోయి ఆగేవాడు, తనను తాను నమ్మనట్టు. ఈ ఆగడం ఈ వారంలో నేర్చుకున్నదే, ఇంతకుముందు లేదు.

డాక్టరమ్మ గీతలున్న కాగితం చూపించి, వయసుకు తగ్గట్టే ఉందండీ అంది.

"తగ్గిందనే కదా నేనూ అంటున్నాను" అన్నాడు.

తగ్గడం కాదు, తగ్గట్టు అని ఆవిడ విడమరిచి చెప్పింది. ఆయన తల ఊపాడు గానీ ఒప్పుకోలేదని ఆమెకు తెలిసిపోయింది. బయట వరండాలో బెంచీ మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"నడిపమ్మా, నా పక్కనే ఉన్నావు కదా. నిజం చెప్పు. నీకక్కడ ఏమైనా తేడాగా వినపడిందా?"

"నేను గమనించలేదు బాబాయ్."

అప్పటిదాకా ఆమె అబద్ధం చెప్పలేదు. తనను నేరుగా ఎవరూ అడగలేదు కాబట్టి నిజం చెప్పలేదు, అంతే అని తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఉన్నా, ఆ సర్దుబాటులో నిద్ర పట్టేది. ఆ మూడు మాటల తర్వాత పట్టలేదు. ఆయన రెండో బూటు లేసు కూడా కట్టుకుని, పోన్లే, గమనించకపోవడమే మంచిది, మన పని మనం చూసుకోవాలి అన్నాడు. క్యాంటీనులో టీ తాగించి, ఆమె బస్సెక్కేదాకా నిలబడ్డాడు.

చెప్తే ఏమవుతుందో ఆమె లెక్కలు వేయకపోలేదు. ఏడాది పూర్తి కావడానికి రెండు నెలలుంది. తప్పు వాయించినందుకు గడియారం కోప్పడి ఊరుకుంటాడు. తప్పు ఎవరు వాయించరు? కానీ తొమ్మిది రోజులు చెప్పకుండా ఉన్నందుకు ఊరుకోడు. నిమిషం ఆలస్యాన్నే ఓర్వలేని మనిషి. మళ్లీ నాటకశాల గుంటలోకి, ఎవరికో జ్వరం రావాలని ఎదురుచూడ్డంలోకి. చెప్పకపోతే? బాబాయి ఎలాగూ ఇంకో రెండు మూడేళ్లకు మానేవాడే. పెద్దవాడు. గౌరవంగా సాగనంపుతారు. ఇలా లెక్క ఎంత తిన్నగా వేసినా చివర్లో ఆయన బొటనవేలు మీట మీద ఆగి కనపడేది. ఈయన ఇక ఏ కచేరీలోనూ, ఇంట్లో ఒక్కడే వాయించుకున్నా సరే, తన చెవిని తాను నమ్మడు. చోటు పోవడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

నిన్న అక్క ఫోను చేసింది. అక్క పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు, నోరు తెరిపించడం ఆమె వృత్తి. గొంతు అలా ఉందేంటి అని ఆరా తీసి, మొత్తం కక్కించింది. తర్వాత, సంబంధం లేనట్టు, ఇంకు సీసా సంగతి ఎత్తింది.

వాళ్ల నాన్న అచ్చు ఆఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఇంటికి కూడా తెచ్చుకుని, బల్ల మీద పరుచుకుని, ఎర్ర ఇంకుతో దిద్దేవాడు. ఒకసారి ఆ ఎర్ర ఇంకు సీసా ఒలికి నలభై పేజీలు పాడయ్యాయి. అక్కకు చీవాట్లు పడ్డాయి. అక్కకు పన్నెండేళ్లు, ఈమెకు తొమ్మిది.

"అది నువ్వే కదా ఒలకబోసింది" అంది అక్క.

"నీకు తెలుసా?"

"నా చేతులకు ఇంకు లేదు, నీ చేతులకుంది. ఆ మాత్రం తెలీదా? నాన్న కూడా చూశాడు."

"చూసి మరి నిన్నెందుకు తిట్టాడు?"

"పెద్దదాన్ని కదా, చూసుకోవాల్సింది నేనని. నీ సంగతి నువ్వే వచ్చి చెప్తావనుకున్నాడట. వారం రోజులు చూశాడట. తర్వాత అమ్మతో అన్నాడు, మన నడిపిది మంచిదే గానీ ఎవరైనా దిద్దేదాకా ఆగుతుంది అని."

ఇద్దరూ కొంచెం నవ్వుకున్నారు. అక్క ఫోను పెట్టేసింది. సలహా ఇచ్చి ఉంటే ఆమె వాదించేది. ఇవ్వలేదు కాబట్టి వాదించడానికి ఎవరూ దొరకలేదు.

నాన్న మాటంటే ఇంకోటి కూడా ఉంది. క్వార్టెట్‌లో చేరిన కొత్తలో, పాతావిడ వాయించిన కాగితాలు ఆమెకు ఇచ్చారు. ఒక్కో పేజీ నిండా పెన్సిల్ గీతలు, బాణాలు, సున్నాలు. ఇంకొకరి చేతిరాతలోంచి తొంగిచూస్తూ వాయించడం ఆమెకు నచ్చలేదు. ఒక ఆదివారం ఇంటికి తీసుకెళ్లి, నాన్న బల్ల మీదే పెట్టుకుని, రబ్బరుతో అన్నీ చెరిపేస్తూ కూర్చుంది. నాన్న వచ్చి భుజం మీంచి చూసి, ఇదేమిటి, కళ్లజోడు బొమ్మ వేసి ఉంది అన్నాడు. వాయించేవాళ్లలో అదొక అలవాటు. ప్రమాదమున్న చోట, పైన చిన్న కళ్లజోడు గీసుకుంటారు. ఇక్కడ కళ్లు తెరుచుకుని చూడు అని. నాన్నకు అది తెగ నచ్చింది. మా అచ్చు ఆఫీసులో ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేదో అన్నాడు. అని, "ముందువాళ్లు పెట్టిన గుర్తు కొట్టేసేటప్పుడు, ఎందుకు పెట్టారో ఒకసారి అడగాలమ్మా" అన్నాడు. నా కళ్లతో నేను చదువుకోవాలి నాన్నా అంది ఆమె. వాళ్ల కళ్లజోడు కూడా ఉంచుకో, బరువేం కాదు అన్నాడాయన. ఆమె నవ్వుతూ ఆ కళ్లజోడును రబ్బరుతో తుడిచి, పొట్టును ఉఫ్ అని ఊదేసింది.

మూడో భాగం, పేజీ తిప్పగానే, రెండో వరస మధ్యలో.

బస్సు దిగి పరుపుల దుకాణం పక్కనున్న మెట్లెక్కింది. వాళ్ల రిహార్సల్ గది ఆ దుకాణం మీదే. శబ్దం బయటికి పోకుండా దుకాణంవాడు పాత పరుపులిచ్చాడు, వాటిని గోడలకు నిలబెట్టి తాళ్లతో కట్టారు. ఒక దాని మీద ఇప్పటికీ ధర చీటీ ఉంది. గదిలోకి రాగానే ఎవరికైనా ఆవులింత వస్తుంది, అది పరుపుల మహిమ అంటాడు బాబాయి. నాలుగు కుర్చీలు, నాలుగు స్టాండులు, కాగితాలు పెట్టుకునే బీరువా, కిటికీ గూట్లో నీళ్ల సీసాలు. పదికి అయిదు నిమిషాలు. గడియారం, వదిన అప్పటికే ఉన్నారు. బాబాయి కూర్చుని చెల్లో అడుగునున్న కాలిమేకును నేలలో దించుకుంటున్నాడు. ఆ చోట నేల మీద ఇరవై రెండేళ్ల గుంటలు, చిన్న చిన్నవి, గుత్తిగా.

"రావమ్మా నడిపీ. టీ నీళ్లు తాగొచ్చావా, మొహం అలా పీక్కుపోయింది?" అన్నాడు.

తాగొచ్చానంది. తాగలేదు. పెట్టె తెరిచి వయోలా తీసింది. కమానుకు మర బిగించింది, దాని వెంట్రుకలకు రోజిన్ బంక రుద్దింది, ఇవన్నీ చేతులు చేసుకుపోయాయి. లోపల మాటలు పేర్చుకుంటోంది. బాబాయ్, ఆ రోజు. కాదు, ముందు గడియారానికే చెప్పాలి. సార్, ఒక విషయం. ఒక విషయం అని మొదలుపెడితే రాజీనామా అనుకుంటారు. ఆ తప్పు నాది అంటే సరిపోతుంది, మూడే మాటలు. వరండాలో చెప్పిన అబద్ధం కూడా మూడే మాటలు. ఆ లెక్క కుదిరినందుకు తనమీద తనకే విసుగొచ్చింది. తప్పు ఒప్పుకోవడానికి కూడా వాక్యం అందంగా రావాలా?

గడియారం చేతిగడియారం చూసుకుని, వయొలిన్‌ను ఒళ్లో పడుకోబెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. ఇరవై రెండేళ్ల గురించి మొదలుపెట్టాడు. మాట మర్యాదగానే ఉంది. అతనికీ కష్టంగానే ఉందని, మెడ పక్క నరం చూస్తే తెలుస్తోంది. వదిన నేల చూస్తోంది. రెండు వాక్యాలయ్యాక బాబాయి చెయ్యెత్తి ఆపాడు.

"నీకెందుకయ్యా ఈ అవస్థ. నేనే చెప్తాను. ఈ సీజన్ చివరిదాకా వాయించి చాలించుకుంటాను. చెవి సరిగ్గా లేనివాడు పక్కవాళ్లకు బరువు. మొన్న డాక్టరు కూడా చెప్పింది, ఇదిగో ఈ పిల్ల సాక్షి."

అందరూ ఆమెవైపు చూశారు. నోరు తెరిచింది. "నేను" అనే మాట పెదవుల దాకా వచ్చి, వయోలా తీగలాగే, ఒక క్షణం ఆలోచించుకుంటూ అక్కడే నిలబడింది. ఆ క్షణంలో వదిన అయ్యో అన్నయ్యగారూ అనేసింది, గడియారం అలా కాదు, మీరు ఆలోచించుకోండి అన్నాడు, ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు పడుతూ మర్యాదలు మొదలుపెట్టారు. చూపులు ఆమె మీంచి తొలగిపోయాయి. అలవాటైన పనే. ఆ తొలగడంలో ఎంత హాయి ఉందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అంతా అయిపోతుంది. ఎవరో దిద్దేస్తారు, ఎవరో కొట్టేస్తారు, కొత్త కాగితం వస్తుంది.

స్టాండు మీద కాగితాలు తిప్పింది. మూడో భాగం. పేజీ తిప్పగానే, రెండో వరస. రబ్బరు రుద్దిన చోట కాగితం కొంచెం తెల్లగా, పలచగా ఉంది. వెలుతురుకు కళ్లజోడు జాడ ఇంకా కనిపిస్తోంది, పెన్సిల్ పోయినా నొక్కు పోలేదు.

వయోలాను భుజానికెత్తుకుంది. ఆ సాయంత్రం చదివినట్టే, ఆ గుర్తును చూడనట్టే, నాలుగు స్వరాలు వాయించింది. కింద, చెల్లో ఒళ్లో పడే చోట.

ఎవరూ వినలేదు. వేళ్లు వేడి చేసుకుంటోంది అనుకున్నారు. గడియారం, కాలపరిమితి అని ఏదో అంటున్నాడు, వదిన తల ఊపుతోంది. బాబాయి ఒక్కడి ఎడమచెయ్యి మాత్రం, చెల్లో మెడ మీద ఊరికే ఆనించి ఉన్నది, అర అంగుళం పైకి జరిగింది. తర్వాత ఆయన తన వేలిని తానే చూసుకున్నాడు.

ఆమె కమానును మళ్లీ మొదటి చుక్క దగ్గరికి తెచ్చింది. నాలుగు స్వరాలూ ఇంకోసారి వాయించింది, ఈసారి అందరికీ వినపడేట్టు.